బండి వెనక నిలబడేవాడి కోసం: వ్యాక్యూమ్ ట్రక్కులో ఫిల్టర్లు ఎలా పనిచేస్తాయి

నమస్కారమండి అందరికీ. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూచోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మార్చి 4 సేఫ్టీ డే కదా, ఈ వారమంతా ఎవరో ఒకరు వచ్చి మాట్లాడుతున్నారు, నిన్న ఎత్తు మీద పని గురించి, బెల్టుల గురించి చెప్పారట, మంచిదే. నన్ను వ్యాక్యూమ్ బండి గురించి చెప్పమన్నారు. 19 ఏళ్లు ఆ బండ్ల మీదే ఉన్నాను, మొదట హెల్పర్, తర్వాత ఆపరేటర్, ఇప్పుడు మెయింటెనెన్స్ చూసుకుంటున్నా. థర్మల్ ప్లాంట్లో బూడిద, సిమెంటు ఫ్యాక్టరీలో కింద పడిపోయిన పౌడరు, కన్వేయర్ల కింద ఐరన్ ఓర్, ఆయిల్ ట్యాంకుల అడుగున మడ్డి, అన్నీ ఎత్తాను. ఈ రోజు మాత్రం ఫిల్టర్ల గురించే మాట్లాడతా. ఎందుకంటే బండి కొనేటప్పుడు అందరూ అడిగేది బ్లోయర్, అంటే గాలిని లాగే మిషను, దాని కెపాసిటీ ఎంత, ఎంత దూరం నుంచి లాగుతుంది, ట్యాంకులో ఎన్ని టన్నులు పడుతుంది, ఇవే. ఫిల్టర్ సంగతి ఎవరూ అడగరు. బండి పక్కన రోజంతా నిలబడే హెల్పర్‌కి మాత్రం అన్నిటికంటే అదే ముఖ్యం, వాడు పీల్చే గాలి దాన్లోంచే బయటికొస్తుంది.

ముందు ఒక విషయం క్లియర్‌గా పెట్టుకుందాం. బండి దుమ్ముని లాగదు. గాలిని లాగుతుంది. ఆ గాలి వేగానికి దుమ్మూ రాళ్లూ పైపులో పడి కొట్టుకొస్తాయి, ఏటి వరదలో దుంగలు కొట్టుకొచ్చినట్టు. ఇప్పుడు లోపలికొచ్చిన గాలి లోపలే ఉండిపోదు, ఎంత వచ్చిందో అంతా బయటికి వెళ్లాల్సిందే. గాలి వెళ్లిపోవాలి, దుమ్ము ఉండిపోవాలి. రెండూ కలిసిపోయి వచ్చాయి, వాటిని విడదీయాలి. ఫిల్టర్ పనంతా ఇదే, మిగతావన్నీ దీన్ని ఎలా చేస్తామనేదే.

ఇది కొత్త తలనొప్పి కాదు. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. అప్పట్లో దుమ్ముని ఊది ఎగరగొట్టే మిషన్లు ఉండేవి, ఊదేబదులు పీలిస్తే ఎలా ఉంటుందని ఆయనకి అనిపించింది. కుర్చీ మీద జేబురుమాలు పరిచి, దాని మీద నోరు పెట్టి గట్టిగా పీల్చాడట. రుమాలు తిప్పి చూస్తే అడుగువైపు దుమ్ము అంటుకుని ఉంది. అంతే, ఆ రుమాలే మొదటి ఫిల్టర్. తర్వాత ఆయన చేసిన మిషను గుర్రబ్బండి మీద పెట్టుకుని తిరిగేంత పెద్దది, పెట్రోలు ఇంజనుతో నడిచేది, బండి వీధిలో ఆగితే పొడుగాటి పైపులు కిటికీల్లోంచి ఇంట్లోకి వెళ్లేవి. అంటే ఇంట్లో వాడే చిన్న వ్యాక్యూమ్ క్లీనర్ కంటే మన బండే దానికి దగ్గర చుట్టం. ఆ రుమాలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మన బండిలో మొదటి ఫిల్టర్ ఏది? బ్యాగులు అంటారు అందరూ. కాదు. ట్యాంకే మొదటి ఫిల్టర్.

మన ఊళ్లలో వడ్లు తూర్పార పట్టడం చూసే ఉంటారు. చేటలోంచి వదిలితే గట్టి గింజ నిలువునా కాళ్ల దగ్గర పడుతుంది, తాలు, పొల్లు గాలికి అవతలికి పోతాయి. ట్యాంకులో జరిగేది అదే. ఒక లెక్క చెప్తా, రఫ్ లెక్కే, కానీ మీరే ఇంటికెళ్లి వేసి చూసుకోవచ్చు. 8 అంగుళాల పైపులో నిమిషానికి 3000 ఘనపుటడుగుల గాలి వెళ్తోందనుకోండి. పైపులో ఆ గాలి స్పీడు గంటకి 150 కిలోమీటర్ల పైనే వస్తుంది, తుఫాను గాలి అన్నమాట. అదే గాలి 1.8 మీటర్ల వెడల్పున్న గుండ్రటి ట్యాంకులోకి వచ్చేసరికి చోటు దాదాపు 80 రెట్లు పెరిగింది కాబట్టి స్పీడు గంటకి 2 కిలోమీటర్లకి పడిపోతుంది. అంటే మనిషి నడక కంటే తక్కువ. ఆ నడకకి రాయిని మోసే శక్తి ఎక్కడిది, ఇసకని మోసే శక్తి ఎక్కడిది, అన్నీ కింద పడిపోతాయి. దీనికి తోడు పైపు ట్యాంకులోకి వచ్చేచోట ఎదురుగా ఒక మందపాటి ప్లేటు ఉంటుంది, వచ్చిన సరుకు దానికి గుద్దుకుని కిందకి మళ్లుతుంది. చాలావరకు బరువు సరుకంతా ఇక్కడే ఆగిపోతుంది, ఒక్క బ్యాగు కూడా అక్కర్లేకుండా.

మరి ట్యాంకు సగం నిండితే? గాలికి మిగిలింది సగం చోటే, స్పీడు రెట్టింపు. ముప్పాతిక నిండితే నాలుగు రెట్లు. అప్పుడు పైన పేరుకున్న మెత్తటి దుమ్ముని గాలి మళ్లీ లేపుకుపోయి బ్యాగుల మీద వేస్తుంది. ఇంకొక పావుగంట లాగేద్దాం, డంపింగ్ యార్డుకి ఒక ట్రిప్పు మిగులుతుంది అనుకుంటారు చూడండి, ఆ పావుగంటలో బ్యాగుల మీద పడే లోడు మామూలు రెండు గంటల్లో పడదు. "ఫిల్టర్లు ఊరికే జామ్ అయిపోతున్నాయి సార్" అని నాకు ఫోన్ వస్తే నేను మొదట అడిగేది ట్యాంకు ఎప్పుడు ఖాళీ చేశారు బాబూ అనే.

ట్యాంకు దాటాక చాలా బండ్లలో సైక్లోన్ ఉంటుంది. పేరు వినగానే మనకి తుఫానే గుర్తొస్తుంది కానీ నాకు వడిసెల గుర్తొస్తుంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలే వడిసెల. గిరగిరా తిప్పితే రాయి బయటికి పోదామని లాగుతూ ఉంటుంది చూడండి, సైక్లోన్‌లో గాలి పక్కవాటంగా లోపలికొచ్చి గోడ వెంబడి గుండ్రంగా తిరుగుతుంది, బరువైన రేణువు ఆ తిరుగుడుకి గోడకి కొట్టుకుని జారి కింద కోన్‌లో పడుతుంది, తేలిక గాలి మధ్యలోంచి పైకి వెళ్లిపోతుంది. ఇందులో కదిలే పార్టు ఒక్కటి లేదు, గుడ్డ లేదు, చిరిగేది లేదు. అందుకే నాకు సైక్లోన్ అంటే ఇష్టం. కాకపోతే సుమారు 10 మైక్రాన్ల కంటే సన్నగా ఉన్న దుమ్ము దాని మాట పెద్దగా వినదు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు, తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకోండి. కంటికి కనపడే దుమ్ము సైక్లోన్‌లో ఆగుతుంది, కనపడనిది దాటిపోతుంది. మన ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేది సరిగ్గా ఆ కనపడనిదే.

దాని కోసమే బ్యాగ్‌హౌస్. ఒక పెట్టె, అందులో వరసగా పొడుగాటి గుడ్డ సంచులు వేలాడుతుంటాయి, ఎక్కువగా పాలియెస్టర్ ఫెల్ట్, కంబళి లాగా మందంగా ఉంటుంది. ప్రతి సంచి లోపల ఇనప కేజ్ ఉంటుంది. గాలి సంచి బయటి నుంచి లోపలికి వెళ్లి పైనుంచి బయటపడుతుంది, దుమ్ము బయటి ముఖం మీద అంటుకుంటుంది. కేజ్ లేకపోతే గాలి లాగుడుకి సంచి నలిగి ముద్దయిపోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కొత్త సంచి సరిగ్గా వడకట్టదు. ఫెల్ట్‌లో దారాల మధ్య సందులు పెద్దవే, సన్న దుమ్ము దూరిపోతుంది. కాసేపు నడిచాక గుడ్డ మీద దుమ్ము ఒక పొరలా పడుతుంది, ఆ పొరే అసలు ఫిల్టర్, గుడ్డ దాన్ని పట్టుకుని ఉండే ఆధారం మాత్రమే. బురదనీళ్లు గుడ్డలో వడకడితే మొదట మడ్డిగా దిగి తర్వాత తర్వాత తేరుకున్నట్టు. అందుకని సంచుల్ని తళతళలాడేలా దులిపేద్దాం అనుకోకండి. పొర బొత్తిగా లేకపోయినా కష్టమే, బాగా మందమైపోయినా కష్టమే, మధ్యలో ఉంచాలి.

ఆ మధ్యలో ఉంచే పని పల్స్ చేస్తుంది. దండెం మీద దుప్పటిని ఒక్క ఊపున విదిలిస్తే దుమ్ము రాలుతుంది కదా, అదే. 6 బార్ అటూ ఇటూగా కంప్రెస్డ్ ఎయిర్, సెకనులో పదో వంతో రెండు వంతులో టైము, సంచి పై మూతిలోంచి టప్పుమని కొడుతుంది, సంచి ఉబ్బి విదిలినట్టయి పొర పెళ్లలుగా రాలుతుంది. వరస తర్వాత వరస, అన్నీ ఒకేసారి కాదు. బండి నడుస్తుంటే వినపడే టప్ టప్ అదే. ఏదైనా వరసలో ఆ చప్పుడు రాకపోతే ఆ గాలిని వదిలే వాల్వులో డయాఫ్రమ్ చిరిగిందో, దాన్ని తెరిచే సోలినాయిడ్ పోయిందో అనుకోవాలి. చెవితోనే పట్టుకోవచ్చు, మీటర్లు అక్కర్లేదు. ఇంకొకటి, ఆ కంప్రెస్డ్ ఎయిర్ ట్యాంకు కింద డ్రెయిన్ కాక్ ఉంటుంది, పొద్దున్నే విప్పి నీళ్లు వదలండి, వానాకాలంలో రెండు పూటలా వదలండి. వదలకపోతే ఆ నీళ్లే సంచి మీదకి కొడతాయి, దుమ్ము రాలడానికి బదులు బురదై అతుక్కుంటుంది. షిఫ్ట్ అయిపోయాక బ్లోయర్ లాగుడు ఆపేసి ఒక పది నిమిషాలు పల్స్ ఒక్కటే నడపండి, లాగే గాలి లేనప్పుడు దుమ్ము సుఖంగా కిందకి దిగుతుంది.

గేజ్ గురించి చెప్పాలి. బ్యాగ్‌హౌస్ పక్కన గుండ్రటి గేజ్, సంచులకి అటు ఇటు ప్రెషర్ తేడా చూపిస్తుంది, నీటి అంగుళాలు అనే కొలతలో. సంచులు నిండే కొద్దీ ముల్లు పెరుగుతుంది, మీ బండి మాన్యువల్లో ఇచ్చిన లిమిట్ దాటితే ఆపి చూడాలి, ఇది అందరికీ తెలుసు. ముల్లు ఎక్కితే అందరూ కంగారు పడతారు. ముల్లు ఉన్నట్టుండి పడిపోతే ఎవరూ కంగారు పడరు, పైగా ఫిల్టర్ క్లీన్ అయిందిరా అని సంతోషపడతారు. అది సంతోషం కాదు తమ్ముళ్లూ. ఎక్కడో సంచి చిరిగింది, లేకపోతే మూతి దగ్గర ఊడింది, గాలికి అడ్డదారి దొరికింది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. చాలా ఏళ్ల కిందట, ఒక పవర్ ప్లాంట్లో హాపర్లు, అంటే బూడిద దిగే గరాటు తొట్లు, వాటి కింద బూడిద ఎత్తుతున్నాం. నేనే ఆపరేటర్. బూడిద చల్లారిందన్నారు, నేను చెయ్యి పెట్టి చూడలేదు, టెంపరేచర్ అడగలేదు. పాలియెస్టర్ సంచి 130 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, అదీ పొడిగా ఉంటే. ఆ పైన కావాలంటే నోమెక్స్ లాంటి అరామిడ్ గుడ్డ, అది 200 దాకా ఆగుతుంది, మా బండిలో ఉన్నది పాలియెస్టరే. ఆ కుప్ప పైన చల్లగా ఉంది, లోపల నిప్పు కణికలున్నాయి. గంటన్నర తర్వాత గేజ్ ముల్లు దిగింది. నేను బాగుందనుకున్నాను. ఇంకో గంటకి బండి లాగడం మానేసింది. చూస్తే బ్లోయర్ ముందు ఆఖరి ఫిల్టర్ ఉంటుంది కదా, కార్ట్రిడ్జి, అది బూడిదతో నిండిపోయింది. ఎందుకు నిండింది అని ఆలోచించాల్సిన చోట, పని ఆగిపోతోందని పైనుంచి ఒత్తిడి, ఆ కార్ట్రిడ్జి తీసేసి నడపమన్నారు, నేను తీసేశాను. తీసింది నా చేత్తోనే.

మళ్లీ బండి బ్రహ్మాండంగా లాగింది. సాయంత్రం మా హెల్పర్, అప్పటికి 22 ఏళ్ల పిల్లాడు, బ్లోయర్ గాలి బయటికొచ్చే సైలెన్సర్ పక్కన నిలబడి రోజంతా పైపు పట్టుకున్నవాడు, మూతికి కట్టుకున్న తువ్వాలు విప్పాడు. పసుప్పచ్చ తువ్వాలు. నోరూ ముక్కూ తగిలే చోట గుండ్రంగా, అరచేయంత, బూడిదరంగు మచ్చ. లోపలివైపు కూడా ఉంది. అంటే గుడ్డ దాటి వెళ్లింది. బూత్ గారి రుమాలు అన్నాను కదా ఇందాక, నేను ఆ కథ చాలా ఏళ్ల తర్వాత చదివాను, చదవగానే ఆ తువ్వాలే కళ్లముందుకొచ్చింది. గేజ్ చెప్పినా నేను పట్టించుకోనిది, ఆ తువ్వాలు చెప్పింది. వాడు వారం రోజులు దగ్గాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, వేరే పని చేసుకుంటున్నాడు, కానీ ఆ బూడిదలో, అంటే ఫ్లై యాష్‌లో సిలికా ఉంటుంది, అది ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో డాక్టర్లు మీకు చెప్పే ఉంటారు, ఒకసారి గట్టిపడ్డ ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు.

మర్నాడు బ్యాగ్‌హౌస్ డోరు తెరిచాం. పైభాగం, అంటే క్లీన్ సైడు, అద్దంలా ఉండాలి, అక్కడ రెండు సంచుల మూతుల చుట్టూ బూడిద చీమలబారులా గీతలు కట్టి ఉంది. ఆ గీత ఎక్కడ మొదలైందో అదే లీకైన సంచి, దాన్ని వెతకడానికి ఇంతకంటే మంచి దారి లేదు. సంచి బయటికి తీసి వెలుగుకి పెట్టి చూస్తే చిన్న చిన్న కంతలు, అగరుబత్తి ఆనించి కాల్చినట్టు, అంచులు నల్లగా కరిగి గట్టిపడి ఉన్నాయి. ఒక్కో కంత మినపగింజంత కూడా లేదు.

బ్లోయర్ కూడా పోయింది. ఎందుకు పోయిందో చెప్తా. మన బండ్లలో ఎక్కువగా ఉండేది రూట్స్ బ్లోయర్, 1860లో అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్నది. 8 అంకె ఆకారంలో రెండు లోబులు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతాయి, మధ్య సందు అర మిల్లీమీటరు లోపే. ఆ సందే దాని ప్రాణం. అందులోకి బూడిద వెళ్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే, సందు పెరిగిపోయి లాగుడు పోతుంది. ఓవరాలింగ్‌కి అయిన ఖర్చు గురించి ఆఫీసులో చాలా రోజులు మాట్లాడుకున్నారు. తువ్వాలు గురించి ఎవరూ మాట్లాడలేదు. అందుకే ఈ రోజు నేను మాట్లాడుతున్నా.

ఆ ఆఖరి ఫిల్టర్ బ్లోయర్‌ని కాపాడే కాపలావాడు. అది జామ్ అయిందంటే తప్పు దానిది కాదు, దాని ముందున్న సంచులది. ఇంకా సన్న దుమ్ము, విషం లాంటిది, సీసం దుమ్ము అలాంటివైతే హెపా అనే బాగా సన్న ఫిల్టర్ పెడతారు, 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతం ఆపుతుంది. 0.3 అనే లెక్క ఎందుకంటే పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు దాదాపు అదే, ఇంకా పెద్దవి దారాలకి గుద్దుకుంటాయి, ఇంకా చిన్నవి గాల్లో అటూ ఇటూ తచ్చాడుతూ పోయి దారాలకి అంటుకుంటాయి. హెపాని మాత్రం మామూలు సిమెంటు పనికి పెట్టకండి, పూటలో మూసుకుపోతుంది.

తడి సరుకు గురించి. సంచులకీ నీళ్లకీ పడదు. సిమెంటు దుమ్ము అంటుకున్న సంచికి తడి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా, గోడే. తడి ఎత్తేటప్పుడు చాలా బండ్లలో బ్యాగ్‌హౌస్‌ని బైపాస్ చేసే ఏర్పాటు ఉంటుంది, లేకపోతే సంచులు తీసేసి నడుపుతారు, మీ బండికి ఏది ఉందో ముందే తెలుసుకోండి. ట్యాంకు పైన ఒక బంతి ఉంటుంది, నీళ్లు పైదాకా వస్తే తేలి వెళ్లి దారి మూసేస్తుంది, నీళ్లు బ్లోయర్‌లోకి వెళ్లకుండా. ఆ బంతికి మడ్డి అతుక్కుని జామ్ అయితే అది ఉన్నా లేనట్టే, చేత్తో ఎత్తి చూడాలి, ఆడుతోందా లేదా. డ్రైనేజీ బండ్లలో కొన్ని ఇంకో అడుగు ముందుకేసి, లాగిన మురుగునీటినే జల్లెడలూ సెటిలింగూ పెట్టి వడకట్టి మళ్లీ పైపుల్ని ప్రెషర్ నీళ్లతో కడిగే జెట్టింగ్‌కి వాడతాయి, మంచినీళ్లు ట్యాంకర్లకి ట్యాంకర్లు మిగులుతాయి. హైదరాబాద్‌లో జలమండలి వాళ్ల ఎయిర్‌టెక్ మిషన్లు రోడ్ల మీద చూసే ఉంటారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, ఆ మనిషి చెయ్యాల్సిన పని ఈ పైపు చెయ్యాలి, అందుకే ఈ బండ్లంటే నాకు గౌరవం.

ఇప్పుడు చెప్పేది దయచేసి రాసుకోండి. ఫిల్టర్ దుమ్ముని ఆపుతుంది, గ్యాస్‌ని ఆపదు. మురుగు లాగినా, ఆయిల్ మడ్డి లాగినా, దాంతో వచ్చే ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్, అన్నీ సంచులు దాటి, హెపా దాటి, నేరుగా సైలెన్సర్‌లోంచి మీ మీదకే వస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది అంటారు, నిజమే, కానీ 100 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకి 100 భాగాలు, దగ్గరికొచ్చేసరికి వాసన తెలిసే శక్తే పోతుంది. వాసన ఆగిపోయింది కదా అని ధైర్యం తెచ్చుకున్నవాళ్లు పడిపోయారు. అలాంటి పనికి ఎగ్జాస్ట్‌కి పైపు కట్టి గాలివాటం చూసి దూరంగా, ఎత్తుగా వదలాలి, చేతిలో గ్యాస్ డిటెక్టర్ ఉండాలి. పెట్రోలియం పనికి వ్యాక్యూమ్ ట్రక్కుల మీద అమెరికా పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఏపీఐ 2219 అని ప్రత్యేకంగా ఒక గైడే ఉంది, మన రిఫైనరీల్లో సేఫ్టీ వాళ్లని అడిగితే చూపిస్తారు.

స్టాటిక్ కరెంటు కూడా అంతే. పొడి దుమ్ము పైపులో రాసుకుంటూ వస్తే కరెంటు పుడుతుంది. బొగ్గు, పంచదార, గంధకం, అల్యూమినియం పొడి, ఇవన్నీ గాల్లో లేస్తే పేలతాయి. 2008లో అమెరికాలో జార్జియాలో పోర్ట్ వెంట్‌వర్త్ అనే ఊళ్లో పంచదార ఫ్యాక్టరీలో పంచదార దుమ్ముకే పేలుడు జరిగి 14 మంది చనిపోయారు. మన వంటింట్లో ఉండే పంచదారే. కాబట్టి ఎర్తింగ్ క్లాంపు పెయింటు మీద కాదు, గోకి ఇనుము మీద పెట్టండి, అలాంటి పనికి యాంటీ స్టాటిక్ సంచులే వేయించండి.

అడుగు బాబూ, చెయ్యెత్తావు కదా. సంచులు కడిగి మళ్లీ వాడొచ్చా అంటున్నాడు. సిమెంటుకి వాడినవైతే వద్దు. మిగతావి కంపెనీ ఒప్పుకుంటే కడిగి పూర్తిగా ఆరబెట్టి వాడొచ్చు. కర్రతో కొట్టకండి, గాలి నాజిల్ దగ్గరగా పెట్టి ఊదకండి, మీరు దుమ్ము పోగొడుతున్నాననుకుంటారు, కంత పెడుతున్నారు.

ఇంకెవరు, ఆ అమ్మాయి. మాస్కు ఉంటే చాలదా అని. మంచి ప్రశ్నమ్మా. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ దగ్గర కనీసం 95 శాతం ఆపుతుంది, అదీ ముఖానికి సందు లేకుండా అతుక్కుంటేనే. మాస్కు పెట్టుకోవాలి, తప్పకుండా పెట్టుకోవాలి. కానీ బండి వదిలిన దుమ్ముని మనిషి మూతి దగ్గర ఆపడం ఆఖరి దారి. తువ్వాలు అసలు దారే కాదు.

సరే, కూచోబెట్టి ఎక్కువసేపు చెప్పాను. బయట షెడ్డులో బండి పెట్టించాను, బ్లోయర్ ఆపేసి తాళం వేసి ట్యాగ్ కట్టించా, బ్యాగ్‌హౌస్ డోరు బోల్టులు లూజు చేసి ఉంచాను. టార్చ్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి. తెల్లగుడ్డ ఒకటి ఎవరైనా పట్టుకోండి, క్లీన్ సైడు గోడ మీద ఒక్కసారి తుడిచి, ఆ గుడ్డని అందరం వెలుగులో చూద్దాం. హెల్పర్లు ముందు రండి.